ఏడో తీగకు చోటు వెతికిన మాస్టారు

ఒక్క ప్రశ్న అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు చెప్పండి. ప్రేమతోనే, మేలు చేస్తున్నాననే నమ్మకంతోనే, మీ చేతులతో మీరే విరగ్గొట్టిన వస్తువు మీ ఇంట్లో ఉందా? లేదని తొందరపడి అనకండి. నేనూ అలాగే అనేవాణ్ణి. పరిశుద్ధ గ్రంథం చంకలో పెట్టుకుని ఇరవై ఏళ్లుగా పక్కవాళ్ల ఇళ్లలో విరిగినవాటిని వేలుపెట్టి చూపిస్తూ తిరిగినవాణ్ణి.

పోయిన సోమవారం పొద్దున్న, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్ సైరన్ మోగిన కాసేపటికి, మా అమ్మాయికి గిటార్ నేర్పిన మాస్టారు చనిపోయారు. ఆయన భార్య ఫోన్ చేశారు. "తమ్ముడూ, మాస్టారు ఎల్లిపోయినారు. పాపకి నువ్వే సెప్పు. నాను సెప్పలేను" అన్నారు. నేనూ చెప్పలేకపోయాను. నా మొహం చూసి అమ్మాయే తెలుసుకుంది. ఇండస్ట్రియల్ పార్క్‌లో మొదటి షిఫ్టుకి తయారై, టిఫిన్ డబ్బా చేత పట్టుకుని నిలబడి ఉంది. డబ్బా బల్ల మీద పెట్టింది. తీసుకుంది. మళ్లీ పెట్టింది. నాతో ఒక్క మాట అనలేదు. అప్పటికి మూడు వారాలుగా సరిగా మాట్లాడడం లేదు.

ఆ మూడు వారాల సంగతి చెప్పకుండా మాస్టారి మంచితనం మాత్రం రాస్తే ఆయన ఒప్పుకోరు. కాబట్టి రెండూ రాస్తున్నాను.

మాస్టారు నాకు వర్క్‌షాప్‌లో సీనియర్. వయసులో ఉన్నప్పుడు యార్డులో సుత్తి పట్టుకుని, ఆగిన బండి వెంట నడుస్తూ ఒక్కో చక్రాన్నీ కొట్టి వినే పని చేశారు. మంచి చక్రం గంటలా పలుకుతుంది, బీట పడినది ముక్కు మూసుకుని మాట్లాడినట్టు పలుకుతుంది అని చెప్పేవారు. ఆ తర్వాత ఫిట్టరయ్యారు. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ ఒకాయన దగ్గర గిటార్ నేర్చుకుని, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పూజలకీ పెళ్లిళ్లకీ వాయించారు. రిటైరయ్యాక తాల్‌బగీచాలో తన ఇంటి ముందుగదిలో పాఠాలు చెప్పేవారు. బెంగాలీలో తిట్టేవారు, హిందీలో లెక్కపెట్టేవారు, మెచ్చుకోవడం మాత్రం తెలుగులోనే. పిల్లల గిటార్ ముట్టుకునే ముందు కుళాయి దగ్గరికెళ్లి చేతులు కడుక్కుని, భుజం మీది తువ్వాలుకి తుడుచుకుని, అప్పుడు అందుకునేవారు. తెగిన తీగల్ని పారేసేవారు కాదు. పెరట్లో చిక్కుడు పాదుని వాటితోనే వెదురుకి కట్టేవారు. తప్పు వాయిస్తే తప్పని అనేవారు కాదు. "ఇంకోపాలి" అనేవారు. మా అమ్మాయి తొమ్మిదేళ్ల పిల్లప్పటి నుంచి ఇరవై మూడేళ్లు వచ్చేదాకా ఆ "ఇంకోపాలి" వింది.

నేను ఏ బైబిల్ కాలేజీలోనూ చదవలేదు. మెషిన్ పక్కన కూర్చుని, టిఫిన్ టైములో, వేలితో వరస వరస చదువుకుని నేర్చుకున్నాను. ఆదివారం మా ప్రార్థన హాల్లో ప్రసంగానికి నిలబడితే గొంతు వీధి చివరిదాకా వెళ్తుంది. మాస్టారు హిందువు, రోజూ దీపం పెట్టే మనిషి. అయినా టిఫిన్ టైములో నా పక్కనే కూర్చుని మరమరాలు తింటూ, "సదువు, సదువు, నేనూ ఇంటాను" అనేవారు. వినేవారు కూడా. ఎంత శ్రద్ధగా వినేవారో నాకు తర్వాత తెలిసింది.

మా అమ్మాయి చిన్నప్పుడు హాల్లో కీర్తనలకి గిటార్ వాయించేది. ఉద్యోగంలో చేరాక హిజ్లీ ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్ కుర్రాళ్లు ఇద్దరితో, తాల్‌బగీచా డ్రమ్మర్ ఒకతనితో కలిసి బ్యాండు పెట్టింది. వాళ్లు వాయించేదాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. గోడ ఇవతల నాకు వినపడినంతలో అది పట్టాలు తప్పిన గూడ్సు. ఏడు దెబ్బలు, ఐదు దెబ్బలు, మళ్లీ ఏడు, ఉన్నట్టుండి నిశ్శబ్దం. ఒక ఆదివారం నేను క్రమం లేని శబ్దం ఆరాధన కాదని ప్రసంగించాను. పేరు పెట్టలేదు. పెట్టక్కర్లేకపోయింది. హాల్లో తలలన్నీ మూడో బెంచీ వైపు తిరిగాయి. అమ్మాయి కీర్తనల పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. ఆ తర్వాత హాల్లో వాయించలేదు.

మర్నాడు మాస్టారు వర్క్‌షాప్ గేటు దగ్గర నా సైకిల్ ఆపారు.

"ఏటి తమ్ముడూ, నిన్న పాపని పేరెట్టకుండా పిలిసినావంట."

"వాక్యం ఎవరికి తగిలితే వాళ్లకి మాస్టారూ."

"అది సరే. నువ్వు ఆ పాట మొత్తం ఇన్నావేటి? మొదలు కాణ్ణించి ఆఖరు దాకా?"

"గోడ ఇవతల వినపడుతోంది గదా."

"గోడ ఇనకు. పాపని ఇను" అని సైకిల్ వదిలేశారు.

ఆ రోజుల్లోనే అమ్మాయి వాళ్లమ్మతో అంటుండగా విన్నాను. ఈ పాటలకి ఆరు తీగలు చాలడం లేదు, కింద ఇంకో లావు తీగ ఉన్న ఏడు తీగల ఎలక్ట్రిక్ గిటార్ కావాలి, క్యాంపస్‌లో పోటీ దగ్గర పడింది, ఆలోగా కోల్‌కతా వెళ్లి తెచ్చుకోవాలి అని. జీతంలోంచి దాచుకుంది, నన్ను అడిగిందేమీ లేదు. అడగకపోవడమే నన్ను గుచ్చింది.

ఇక్కడ మా వర్క్‌షాప్ వాళ్ల జబ్బు ఒకటి చెప్పాలి. లోకంలో ఏదీ కొత్తది కొనక్కర్లేదని, ఉన్నదానికే తగిలించవచ్చని మేము నమ్ముతాం. మంచానికి చక్రాలు తగిలిస్తాం, సైకిలుకి కుర్చీ తగిలిస్తాం, కుట్టుమిషనుకి ఫ్యాను మోటారు తగిలిస్తాం. మా క్వార్టర్లలో అలా చేయని ఇల్లు చూపించండి. ఆరు తీగలకి ఏడోది తగిలించడం ఎంత పని? ఒక కన్నం, ఒక మర, ఒక ఇత్తడి ముక్క. పిల్ల కుర్రాళ్లతో కోల్‌కతా వెళ్లక్కర్లేదు. నేను ఆదివారం అన్న మాట కూడా ఇలా కడిగేసుకోవచ్చు. అలా అనుకున్నాను.

గురువారం నాకు సెలవు, అమ్మాయి షిఫ్టులో ఉంది. ఆమె గిటార్ తీసుకెళ్లి, లేతు మీద పనిచేసే స్నేహితుడి ఇంట్లో కూర్చుని, మెడ పైన మరలుండే తలకట్టులో కన్నం వేశాను. తీగలు ఆనే మెడ చివర గాడి వెడల్పు చేశాను. ఇత్తడి ముక్క అరగదీసి అమర్చాను. ఏడో తీగ కట్టాను. సాయంత్రం అమ్మాయి రాగానే దాన్ని మంచం మీద పెట్టి, దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన కూడా చేశాను.

ఆమె చాలాసేపు దాన్ని చూసింది. తర్వాత నెమ్మదిగా మర తిప్పడం మొదలుపెట్టింది. తీగ బిగుస్తోంది. ఆమె మొహంలో ఆశ ఒక్క క్షణం కనపడింది, అబద్ధం చెప్పను, కనపడింది. అప్పుడు మెడ చివర సన్నటి చప్పుడు అయింది. తలకట్టు వాలిపోయింది. ఏడు తీగలూ వదులై ఆమె చేతి మీద పడ్డాయి.

"నాన్నా, అడగొచ్చు గదా" అంది. అంతే. ఏడవలేదు. ముక్కల్ని బల్ల మీద వరసగా పెట్టింది. పోటీకి తొమ్మిది రోజులుంది.

మర్నాడు మాస్టారు వచ్చారు. చేతులు కడుక్కున్నారు. విరిగిన మెడని వెలుతురులో పెట్టి, నేను వేసిన కన్నంలో చిటికెన వేలు పెట్టి చూశారు.

"పని బాగుంది తమ్ముడూ. డ్రిల్లింగు సూటిగా వచ్చినాది. ఆలోచనే వంకర."

నేను తల ఎత్తలేదు.

"తీగ ఒకటే పెరిగినాది అనుకున్నావు. లాగే బరువు పెరిగినాది. ఈ మెడ ఆరింటి కోసం పుట్టినాది. ఏడు మొయ్యాలంటే వెడల్పు కావాలి, పొడుగు కావాలి. పొడుగు సాలకపోతే ఆ లావు తీగ తాడు లాగ ఊగుతాది గాని పలకదు." తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "రేపు కోల్‌కతా ఎల్దాం పాపా" అన్నారు. నా వైపు చూసి, "నువ్వూ రావాల" అన్నారు.

"నేనెందుకు మాస్టారూ?"

"ఇరగ్గొట్టినోడు సూడాల గదా, ఇరగనిది ఎలగుంటాదో."

శనివారం పొద్దున్న హౌరా లోకల్లో ముగ్గురం ఒకే సీటు మీద కూర్చున్నాం. మధ్యలో మాస్టారు. ఆయనకి ఆయాసం ఉందని తెలుసు, ఎంత ఉందో తెలియదు. అమ్మాయి కిటికీలోంచి చూస్తోంది. నాకు ఊరుకోవడం చేతకాదు. సంచిలో గ్రంథం తీసి, లోక సంబంధమైన నాదాల గురించి మొదలుపెట్టాను. మాస్టారు కాసేపు విని నా మోకాలు మీద తట్టారు.

"తమ్ముడూ, నీ గ్రంథంలో పది తీగల వాద్యం ఉన్నాది గదా. టిఫిన్ టైములో నువ్వే సదివినావు. దేవుణ్ణి పది తీగల మీద పొగడమని రాసి ఉన్నాది."

"ఉంది."

"పదికి నేని పాపం ఏడుకి ఎలగొచ్చినాది మరి?"

అమ్మాయి కిటికీ వైపే చూస్తూ ఉంది గాని భుజాలు కదిలాయి. నవ్విందని తెలిసింది. నేను పేజీ తీశాను. ఉంది. ఆ మాటని వందసార్లు గొంతెత్తి చదివినవాణ్ణి, తీగలు ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టింది పక్కన మరమరాలు తింటున్న మనిషి.

దుకాణం రెండో అంతస్తులో ఉంది. మెట్ల మీద మాస్టారు మూడుసార్లు ఆగారు. ఆగిన ప్రతిసారీ గోడ మీది పోస్టరేదో చదువుతున్నట్టు నటించారు. మూడోసారి ఆయన పెదాల రంగు చూసి, "తిరిగి వెళ్లిపోదాం మాస్టారూ" అన్నాను చెవిలో.

"నోరు ముయ్యి. పాప ఇంటాది" అన్నారు.

దుకాణంలో ఏడు తీగలవి మూడు ఉన్నాయి. మొదటిది నల్లనిది, చెక్క మీద మంట లేచినట్టు గీతలు, కళ్లు తిప్పుకోలేం. రెండోదానికి మెడ మీద వేళ్లు నొక్కే మెట్లు నిటారుగా కాక విసనకర్ర పుల్లల్లా వాలి ఉన్నాయి. లావు తీగకి ఎక్కువ పొడుగు, సన్న తీగకి తక్కువ దొరకాలని అలా చేస్తారట. బ్యాండ్లవాళ్లంతా ఇప్పుడు అదే వాడుతున్నారని అమ్మాయి అంది. మూడోది బూడిద రంగుది, ఏ సొగసూ లేదు, మామూలు దానికంటే మెడ ఒక అంగుళం పొడుగు.

దుకాణం కుర్రాడు స్పీకర్ ఆన్ చేయబోతే మాస్టారు ఆపారు. "దాదా, కరెంటు తర్వాత" అన్నారు బెంగాలీలో. అమ్మాయిని కరెంటు లేకుండా వాయించమని, గిటార్ అంచుకి చెంప ఆనించి కళ్లు మూసుకుని విన్నారు. చక్రం దగ్గర వంగిన మనిషి లాగే ఉన్నారు. తర్వాత భుజానికి పటకా తగిలించుకుని నిలబడమన్నారు. "కూకుని కొన్నది నిలబడితే మోసం సేస్తాది. పోటీలో కుర్చీ ఎయ్యరు." నల్లనిది నిలబడగానే తల బరువుకి కిందికి వాలిపోయింది, దాన్ని ఎత్తి పట్టుకోవడానికే ఎడమ చెయ్యి సరిపోయింది. వాలు మెట్లది కుదురుగానే ఉంది గాని, పై మెట్ల దగ్గర అమ్మాయి మణికట్టు వంకర తిరిగింది. అలవాటవుతుందని ఆమె అంది.

"అలవాటు అవుతాది. వారం రోజుల్లో అవుతాదేటి?"

ఆమె దవడ బిగించింది. ఆ దవడ నాదే.

అప్పుడు మాస్టారు నా వైపు తిరిగారు. "తమ్ముడూ, నువ్వు గోడకేసి తిరుగు."

"నాకేం తెలుసు మాస్టారూ?"

"తెల్వదు గనకే. పాప మూడిటి మీదా ఒకటే ముక్క వాయిస్తాది, కింది తీగ మీద, జోరుగా. ఎన్ని దెబ్బలు ఇనపడినాయో లెక్కెట్టి సెప్పు. నీకు ఇనపడితే హాల్లో ఆఖరి వరసోడికీ ఇనపడుతాది."

ఇప్పుడు స్పీకర్ ఆన్ చేయించారు. నేను గోడకి తిరిగి నిలబడ్డాను. వెనక నా కూతురు, నేను శబ్దం అని కొట్టిపారేసిన దాన్ని, నా తీర్పు కోసం వాయిస్తోంది. మొదటిదాని మీద అంతా బురదలా కలిసిపోయింది, నాలుగో ఐదో అన్నాను. రెండోదాని మీద స్పష్టంగా మొదలై చివర తడబడింది, ఆరన్నాను. మూడోదాని మీద ఒక్కొక్కటీ విడివిడిగా, సుత్తితో కొట్టినట్టు వచ్చింది.

"పదకొండు" అన్నాను. "ఏడు, తర్వాత నాలుగు."

తిరిగి చూస్తే అమ్మాయి బూడిద రంగు గిటార్ పట్టుకుని నన్నే చూస్తోంది. "పదకొండే నాన్నా" అంది. అది పట్టాలు తప్పడం కాదని, నేను లెక్కపెట్టలేకపోవడమని నాకు మొదటిసారి తెలిసింది. మాస్టారు ఆ గిటార్ మీద ఏడు తీగలూ కలిపి ఒక్కసారి మెల్లగా మీటించి, "ఏడోదాన్ని సూసి ఆరూ జడవకూడదు. ఇక్కడ జడవడం నేదు. ఇదే" అన్నారు. తిరుగు ప్రయాణంలో అమ్మాయి, "నాన్నా, ఈ బ్యాగు పట్టుకో, జాగ్రత్త" అని నా ఒళ్లో పెట్టింది. ఖరగ్‌పూర్ దాకా కాళ్లు కదపలేదు నేను.

కథ అక్కడ ఆగి ఉంటే నేను ఈ నాలుగు మాటలూ హాయిగా రాసేవాణ్ణి.

బుధవారం మాస్టారు ఆసుపత్రిలో చేరారు. ఆ వారమే చేరమని డాక్టరు ముందే చెప్పారట, కోల్‌కతా వెళ్లొచ్చి చేరతానని ఆయన వాయిదా వేశారట. ఆ సంగతి ఆయన భార్య నాకు చెప్పినప్పుడు నా డ్రిల్లు నాకే గుచ్చుకుంది. శనివారం సాయంత్రం హిజ్లీలో పోటీ. అదే సాయంత్రం మా హాల్లో ఉపవాస ప్రార్థన, ప్రసంగం నాది. మాస్టారు భార్య చేత కబురు పంపారు: "ప్రార్థన సెయ్యడానికి ఇంకో మనిషి దొరుకుతాడు. పాపకి ఇంకో నాన్న దొరకడు. ఎల్లమని సెప్పు."

నేను ప్రార్థనకే వెళ్లాను. ఆ రోజు చాలా బాగా మాట్లాడాను. ఈ మొత్తంలో నేను ఎక్కువ సిగ్గుపడేది దానికే.

అమ్మాయి ఇంటికి వచ్చాక ఎలా జరిగిందని అడిగాను. "ఠీక్ హై" అంది. ఆ రోజు నుంచి అన్నిటికీ ఠీక్ హై. అన్నం పెట్టనా అంటే ఠీక్ హై. ఒంట్లో బాగుందా అంటే ఠీక్ హై. మా ఊళ్లో ఆ మాటకి అర్థం తెలియనివాళ్లెవరు? తలుపు గడియ పెట్టిన చప్పుడు అది. గిటార్ మా ఇంట్లో మోగడం మానేసింది. ప్రాక్టీసంతా క్యాంపస్‌లోనే.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు మాస్టారికి గాలి గొట్టం పెట్టి ఉంది. దాన్ని పక్కకి జరిపి మొదటి మాటగా, "ఇన్నావేటి?" అన్నారు.

"వచ్చే వారం వింటాను మాస్టారూ. ఈసారి తప్పకుండా."

ఆయన గోరుతో మంచం ఇనప కడ్డీ మీద ఒకసారి కొట్టి విన్నారు. బాగుందన్నట్టు తల ఊపారు. తర్వాత, "వచ్చే వారం అనే మాట నీ గ్రంథంలో ఎక్కడున్నాది తమ్ముడూ?" అన్నారు. ఎగతాళి లేదు, నిజంగానే అడిగారు. నేను మనసులో పేజీలన్నీ తిప్పాను. నేడు అనే మాట తగిలింది, మళ్లీ మళ్లీ తగిలింది. వచ్చే వారం ఎక్కడా లేదు. ఆ మాట ఆయనకి చెప్పడానికి మరుసటి వారం వెళ్దామనుకున్నాను. సోమవారం ఫోన్ వచ్చింది.

దహనం దగ్గర బెంగాలీలు, తెలుగువాళ్లు, ఒరియావాళ్లు, ఆయన నేర్పిన పిల్లలు, ఆ పిల్లల పిల్లలు నిలబడ్డారు. ఆయన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగారు. గొంతు వీధి చివరిదాకా వెళ్లే నేను, చేతులు జోడించి వెనక్కి తగ్గాను. ఒక మనిషి నా మీద పెట్టుకున్న ఒకే ఒక్క కోరిక తీర్చకుండా ఆయన్ని పొగడటానికి నోరు రాలేదు.

ఈ రోజు ఆదివారం. ఆరాధన అయింది, భోజనాలు అయ్యాయి. ఈ బల్ల దగ్గర కూర్చుని ఇదంతా రాస్తుంటే, పక్కగదిలో ప్లగ్గు పెట్టిన చప్పుడు వినపడింది. పోటీ అయ్యాక అమ్మాయి ఈ ఇంట్లో గిటార్ తీయడం ఇదే మొదటిసారి. ఏడో తీగని సరిచేసుకుంటోంది. తలుపు జానెడు తెరిచి ఉంది. అందులోంచి ఆమె పాదం కనపడుతోంది, నేల మీద లేస్తోంది, పడుతోంది, ఇంకా మొదలుకాని పాటకి ముందే లెక్క కడుతోంది. నాకు ఆ లెక్క అందడం లేదు.

నన్ను చూసి ఆపేస్తుందేమో. లేచి తలుపు వేసేస్తుందేమో. ఠీక్ హై అంటుందేమో. తెలియదు. కలం పెట్టేస్తున్నాను.

మీరూ ఈ కాగితం పక్కన పెట్టండి. మీ ఇంట్లో మీతో మాట మానేసిన మనిషి ఏ గదిలో ఉన్నారో మీకు తెలుసు. సమయం చూసుకుని వెళ్దామనుకోకండి. వివరించడానికి వెళ్లకండి, సలహా తీసుకెళ్లకండి, ఈ ఒక్కసారికి గ్రంథం కూడా బల్ల మీదే ఉంచండి. గడప దగ్గర నేల మీద కూర్చుని, వాళ్లది అయ్యేదాకా వినండి. లేవండి. ఈ రోజే, ఈ పూటే, ఇప్పుడే లేవండి.